ముట్లుడిగిన పిమ్మట

మా విడపనకల్లు సీమలో స్త్రీకి ముట్లుడుగుట ఒక విధమైన విడుదల. ముప్పది, ముప్పదియైదేండ్లు నెలనెలా వ్రేళ్లు మడిచి లెక్కించుకొన్న దినములను ఇక లెక్కింపనక్కరలేదు. దేవుని గూటిని ఏ వారమైనను తుడువవచ్చును. పెండ్లివారు పసుపు దంచుటకు పిలుచునపుడు "ఆనాటికి నీకేమైన అడ్డమా?" యని చెవిలో అడుగరు. పడుచుపిల్లలను "అది తాకకు, ఇది తాకకు" అని మందలించు అధికారము కూడ అప్పుడే చేతికి వచ్చును. ఆ అధికారమును మా పెద్దలు ఎంత ఇష్టముతో చెలాయింతురో చూచినవారికే తెలియును.

ఉడుగుట యనునది మనము గాలికిని వానకును వాడు మాట. ఇక తిరిగి రాదను ధీమా ఆ మాటలోనే కొంత ఉన్నది. వైద్యులు దీనిని రజోనివృత్తి యందురు. వరుసగా పండ్రెండు నెలలు ముట్టు రాకున్నగాని అది నిశ్చయము కాదని వారి నియమము. మన దేశపు స్త్రీలకు సగటున నలువదియారు, నలువదియేడేండ్ల ప్రాయమున ఇది జరుగుచుండగా, పాశ్చాత్య దేశముల స్త్రీలకు ఏబదియొకటవ యేట జరుగుచున్నది. అట్లు నిశ్చయమైన పిమ్మట మరల రక్తము కనబడినచో ఏమి చేయవలెను? అందును, వైద్యుడిచ్చిన మందు తినుచుండగా కనబడినచో దానిని ఏమని తలంపవలెను? ముట్టనియా, రోగమనియా, మందు గుణమనియా? ఈ ప్రశ్న మా యింట పదునాలుగు నెలలు నలిగినది. అందుచేత వ్రాయుచున్నాను.

ఇట్టి విషయమును గృహస్థులు చదువు పత్రికలో వ్రాయుట మర్యాదయేనా యని నా స్నేహితురాలొకతె అడిగినది. మర్యాద కొరకు మౌనము వహించిన ఇండ్లలో ఏమి జరుగునో చెప్పుటకే ఈ వ్యాసము. ఆమె సందేహమునకు అంతకన్న వేరు సమాధానము నాయొద్ద లేదు.

మా ఊరు అనంతపురము జిల్లాలో కన్నడదేశపు సరిహద్దును ఆనుకొని యున్నది. నల్లరేగడి నేల. సంవత్సరమునకు ఏబదియైదు సెంటీమీటర్ల వాన పడుటయే గొప్ప. పడిననాడు శనగ, పత్తి, జొన్న. పడనినాడు బెంగుళూరు బస్సు. 1882లో అనంతపురము జిల్లాను బళ్లారి జిల్లానుండి వేరుచేసిరి గాని, మావారి కాళ్లు మాత్రము నేటికిని బళ్లారి వైపునకే నడచుచుండును. పెండ్లిబట్టలు కొనవలెనన్నను, పెద్దరోగము చూపించుకొనవలెనన్నను మాకు బళ్లారియే.

నేను ఉపాధ్యాయినిగా పనిచేసి విరమించితిని. మా యన్న సేద్యము చేయుచు పుట్టినింటనే యున్నాడు. మా వదినె నాకన్న రెండేండ్లు పెద్ద. ఆమె చదువు ఐదవ తరగతితో నిలిచిపోయినది. నలువదియెనిమిదవ యేట ఆమెకు ముట్లుడిగెను. ఆ తరువాత సంవత్సరమునకే రాత్రులందు నిద్ర కరవై, ఉన్నట్లుండి గొంతునుండి తలవరకు వేడి యెక్కి, రవికె తడిసి, మరుక్షణమే చలివేయుట మొదలైనది. మా ఊరిలో చైత్రమాసమున ఎవరికి చెమట పట్టదు? కావున ఇంటిల్లపాదియు ఎండ అనుకొనిరి. పుష్యమాసపు చలిలో కూడ ఆమె తెల్లవారుజామున లేచి పెరటిలోని నీళ్లతొట్టివద్ద నిలుచుండుట చూచి, మా యమ్మయే "ఇది ఎండ కాదు" అని తేల్చెను.

బెంగుళూరిలో ఉద్యోగము చేయుచున్న నా మేనకోడలు తల్లిని అక్కడికి తీసికొనిపోయి వైద్యురాలికి చూపించినది. రెండు మందులు వ్రాసియిచ్చిరి. ఒకటి ఈస్ట్రోజెను మాత్ర, దినమునకొకటి చొప్పున ఎడతెగక తినవలసినది. రెండవది ప్రొజెస్టరోను గుళిక, నెలలో పండ్రెండు రాత్రులు మాత్రము. నెలతిరుగక మునుపే మా వదినె నిద్రపోసాగెను. "పాపా, నాకు మళ్లా మనిషి జన్మ వచ్చినట్లుండాది" అని నాతో ఫోనులో చెప్పినది. ఈ మందుల మేలును తక్కువచేసి చెప్పుట నా ఉద్దేశము కాదు. ఆవిరులకును చెమటలకును వీనికి సాటివచ్చు ఔషధము మరియొకటి లేదు. ఎముకలు పెళుసుబారకుండ కూడ ఇవి కాపాడును.

అయితే రెండవ గుళిక పండ్రెండు రాత్రులును ముగిసిన రెండు మూడు దినములకు ఆమెకు రక్తము కనబడెను. నాలుగు దినములుండి ఆగిపోయెను. రెండవ నెలలోను అంతే. ఇట్లు వచ్చునని బెంగుళూరి వైద్యురాలు ముందే చెప్పినదట. చెప్పినది కూతురితో, ఇంగ్లీషులో. కూతురు ఆ మాటను తల్లికి చెప్పుటకు సిగ్గుపడి, మాత్రల వేళలు మాత్రము చెప్పి ఊరకుండెను. లక్షలు సంపాదించు పిల్లకు తల్లితో ముట్టు మాట చెప్పుటకు నోరు రాలేదు. మన బాలికల విద్యలో లోటు ఎక్కడనున్నదో వెదకువారు ఇక్కడ కొంచెము ఆగి చూడవలెను.

శ్రావణమాసము వచ్చినది. మా యింట వరలక్ష్మీవ్రతమునకు కలశము నిలుపువారు వదినెయే. అత్తయైన మా యమ్మకు ఏడుపదులు దాటినవి, వంగలేదు. ముట్లుడిగెను గాన ఇక అడ్డము లేదని ఆ యేడు ఇరుగుపొరుగులను కూడ పిలిచియుండిరి. మా వదినె తనలో తాను లెక్కవేసికొనెను. రెండవ గుళిక తినిన పిమ్మటనే రక్తము వచ్చుచున్నది, తినకున్న రాదు. ఆ నెల ఆ గుళికను మానివేసెను. రక్తము రాలేదు. కలశము నిలిచినది. ఆమె లెక్క అక్షరాల నిజమైనది. ఆపైన ఆ గుళికతో పనియేమని పూర్తిగా విడిచిపెట్టి, నిద్ర నిచ్చుచున్న మొదటి మాత్రను మాత్రము ఒక్క పూటయైనను తప్పకుండ తినుచు వచ్చెను. కూతురు నెలనెలా బస్సులో పంపిన రెండవ మందు పెట్టెలు పదునొకండు, విప్పనివి విప్పనట్లే, ఆమె ట్రంకుపెట్టెలో పట్టుచీరల క్రింద చేరినవి.

ఆమె పరిశీలనలో ఇసుమంతయు పొరపాటు లేదు. దానివలన ఆమె చేసిన పనియే ప్రాణాపాయమునకు దారితీయునట్టిది. ఎట్లనగా, గర్భాశయము లోపలి గోడకు ఒక మెత్తని పొర యుండును. ఈస్ట్రోజెను ఆ పొరను పెంచును. ప్రొజెస్టరోను ఆ పెరుగుదలను అణచి, పొరను పక్వము చేసి, తాను విరమించినప్పుడు రాలిపోవునట్లు చేయును. ఆ రాలుటయే నెలసరివలె కనబడు రక్తము. రెండవ మందు లేనప్పుడు రాలుట యుండదు, పెరుగుట మాత్రము సాగుచుండును. పైకి రక్తము లేదు గనుక అంతయు బాగుగానున్నట్లు తోచును. లోపల మాత్రము కోత లేని చేనివలె పొర దట్టమై, కొన్నాళ్లకు దానిలోని కణములు దారితప్పి క్యాన్సరుగా మారుట కలదు.

ఈ సంగతి పాశ్చాత్యులు సుఖముగా నేర్చుకొన్నది కాదు. గుఱ్ఱపు చూలింతల మూత్రమునుండి తీసిన ఈస్ట్రోజెను మందు 1942లో అమెరికాలో అమ్మకమునకు వచ్చినది. (గోమూత్రము ఎరిగిన మనకు దీనిలో వింత తోపనక్కరలేదు.) 1966లో రాబర్టు విల్సను అను వైద్యుడు, ఈ మందు తినిన స్త్రీ ఎన్నటికిని ముసలిది కాదన్న ధోరణిలో ఒక పుస్తకము వ్రాయగా, అది విరివిగా అమ్ముడైనది. లక్షలాది స్త్రీలు ఈస్ట్రోజెను నొక్కదానినే తినిరి. 1975వ సంవత్సరము డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ వైద్యపత్రికలో రెండు పరిశోధనలు ఒక్కసారిగా వెలువడి, అట్లు తినినవారిలో గర్భాశయపు పొర క్యాన్సరు అనేక రెట్లు హెచ్చుగా నున్నదని చూపినవి. అటుపిమ్మటనే ప్రొజెస్టరోను తోడుగా ఇచ్చు పద్ధతి స్థిరపడినది. 1996లో ప్రకటించిన ఒక పరీక్షలో, మూడేండ్లు ఈస్ట్రోజెను మాత్రమే తినిన స్త్రీలలో నూటికి 62 మందికి ఆ పొర ఏదో యొక రూపమున మితిమీరి పెరిగినది. రెండును తినినవారి స్థితి ఏ మందును తిననివారి స్థితికి దాదాపు సమానముగానే యుండినది. 2002లో అమెరికాలో 16,608 మంది స్త్రీలపై జరుగుచున్న పెద్ద పరీక్షను నడుమనే నిలిపివేసినపుడు, స్తనముల క్యాన్సరు, రక్తనాళముల గడ్డలు మొదలైన భయములతో లోకమంతటను ఈ మందులను విసరివేసిరి. ఆ భయములలో కొంత అతిశయమున్నదని తరువాత తేలినది. ముట్లుడిగిన పదియేండ్లలోపు, అరువదియేండ్ల లోపు ప్రారంభించువారికి సాధారణముగా కీడుకన్న మేలే యెక్కువ యని నేటి వైద్యుల అభిప్రాయము. 2025 నవంబరులో అమెరికా ఔషధశాఖవారు ఈ మందుల పెట్టెలపై నుండు పెద్ద హెచ్చరికలను చాలవరకు తీసివేయనున్నట్లు ప్రకటించిరి. కాని ఒక హెచ్చరికను మాత్రము ఉంచిరి. గర్భాశయమున్న స్త్రీ ఈస్ట్రోజెను నొక్కదానినే తినరాదనునదియే అది. ఎనుబదియేండ్ల వాదములన్నిటిలోను ఎవరును కాదనలేకపోయిన సత్యము ఇదొక్కటి. దానికి విరుద్ధముగా మా వదినె పదునొకండు నెలలు నడచినది. కలశము కొరకు.

మరుసటి యాషాఢమున ఆమెకు మరల రక్తము కనబడెను. ఈమారు దినములకు లెక్క లేదు. ఒకనాడు చుక్క, మూడునాళ్లు లేక, ఒకనాడు ధార. ఐదు వారములు ఆమె ఎవరికిని చెప్పలేదు. తెల్లవారకమునుపే లేచి గుడ్డలుతికి, దొడ్డిలో కంది కట్టెల వెనుక ఆరవేసికొనెడిది. చెప్పినచో రెండింటిలో ఒకటి జరుగునని ఆమె భయము: అత్తగారు దూరముండుమందురు, లేక ఆసుపత్రివారు సంచి తీయవలెనందురు.

నేను ఊరికి పోయినపుడు ఆమె ముఖము పాలిపోయి యుండుట చూచి, నిలదీసి అడుగగా చెప్పెను. ఆ సాయంకాలమే మా యమ్మకును తెలిసినది. "ఉడిగినదానికి మళ్లా ముట్టేమి కోడలా?" అని ఆమె చాలసేపు ఆలోచించినది. కోడలు బయట కూర్చుండవలెనా, వంట చేయవచ్చునా, పూజగదికి పోవచ్చునా? ఊరిలో అడుగుదమన్న, అడుగుటయే చాటుట. చివరకు మా యమ్మ తానే తీర్పు చెప్పెను: "మందుతో వచ్చిన నెత్తురు పుంటికారిన నెత్తురే గాని ముట్టు గాదు. లేచి చెయ్యి కడుక్కో." శాస్త్రజ్ఞులు నవ్వవచ్చును గాని, ఆనాడు ఆ మాట మా యింట గొప్ప ఉపకారము చేసినది. నా అసంతృప్తియెల్ల వేరు. ఉతికిన గుడ్డలను కంది కట్టెల వెనుక దాచవలసిన భయము మా వదినెకు ఏబదియేండ్లకు పుట్టినది కాదు; పండ్రెండవ యేటనే పుట్టినది. మందు నెత్తురు మైల కాదని తీర్పు చెప్పిన నోటితోనే, పదునాలుగేండ్ల మనుమరాలిని నెలకు మూడునాళ్లు గడప కీవల ఉంచుచున్నారు. ఆ పిల్లకు కూడ ఇదే తీర్పు వర్తింపదా యని నేను అడిగితిని. "నువ్వు చదువుకున్నదానివి" అని మా యమ్మ ఊరకుండెను. మా ప్రాంతమున ఈ మాటకు అర్థము, సంభాషణ ముగిసినదనియే.

మరునాడు ఒక పట్టణములోని ఆసుపత్రికి పోతిమి. స్కానింగు చేసిరి. పొర పదునాలుగు మిల్లీమీటర్లున్నదనిరి. ఏ మందులు తినుచున్నారని అడుగువారు లేరు. "వయసైనది, పిల్లలు పుట్టినారు, ఇక గర్భసంచితో పనియేమి? ఉంచుకొన్న క్యాన్సరు, ఎల్లుండి తీసివేయుదుము" అని చెప్పి రొక్కము సిద్ధము చేసికొమ్మనిరి. పొరనుండి ఒక చిన్న తునకయైనను తీసి పరీక్షింపలేదు. మా యన్న భయముతో అప్పటికే ఎవరిని అప్పడుగవలెనా యని ఫోనులో పేర్లు వెదకుచుండెను.

ఈ మాట మా వదినెకు కొత్తది కాదు. మా వీధిలో సంచి తీయించుకొన్న స్త్రీలను ఎవరైనను వ్రేళ్లు మడిచి లెక్కింపవచ్చును, రెండు చేతులు చాలవు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, పదునైదు మొదలు నలువదితొమ్మిది యేండ్ల స్త్రీలలో గర్భాశయము తీయించుకొన్నవారు దేశమంతటికిని నూటికి 3.3 మంది యుండగా, ఆంధ్రప్రదేశమున 8.7 మంది, తెలంగాణమున 8.2 మంది. దేశములో మొదటి రెండు స్థానములును తెలుగువారివే. ఏ ఘనతకైనను మనము మొదటనున్నామని చెప్పుకొను అలవాటు మనకున్నది. దీనిని మాత్రము ఎవరును చెప్పుకొనరు. వీరిలో పెక్కుమందికి నలువది నిండకమునుపే ఆ శస్త్రచికిత్స జరిగినది. 2007 ఏప్రిలులో ఆరోగ్యశ్రీ పథకము మొట్టమొదట ప్రారంభమైన మూడు జిల్లాలలో మా అనంతపురము ఒకటి. పేదలకు అది ఎంతో మేలు చేసినదనుటలో సందేహము లేదు. కాని తెల్లబట్ట యైనను, నడుమునొప్పి యైనను సంచి తీయుటయే మందన్న వ్యాపారము కూడ ఆ నీడను పెరిగి, తుదకు ప్రభుత్వమే ప్రైవేటు ఆసుపత్రులకు ఈ విషయమున పగ్గములు వేయవలసివచ్చినది. నరేంద్రగుప్తా యను వైద్యుడు 2013లో వేసిన వ్యాజ్యముపై 2023 ఏప్రిలు 5వ తేదీన సుప్రీముకోర్టువారు తీర్పు చెప్పుచు, అనవసరముగా గర్భాశయములు తీయకుండుటకై కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో రూపొందించిన నియమములను మూడు నెలలలో అమలులో పెట్టవలెనని రాష్ట్రములన్నిటిని ఆజ్ఞాపించిరి. ఆ వ్యాజ్యము రాజస్థానము, బీహారు, ఛత్తీసుగఢముల స్త్రీలను గూర్చినది. మన స్త్రీల లెక్క అంతకన్న పెద్దది.

స్త్రీలు కూడ తామే అడిగి తీయించుకొనుట లేదా యని ప్రశ్నింతురు. అడుగుదురు. శనగ పీకుటకు పోయిన కూలి స్త్రీకి రక్తము పోవుచున్నంత మాత్రమున సెలవు లేదు, చేనిలో చాటు లేదు, మార్చుకొనుటకు నీరు లేదు. నెలకు నాలుగు దినముల కూలి పోగొట్టుకొనుటకన్న ఒక్కసారి సంచి పోగొట్టుకొనుట లాభమని ఆమె లెక్క. ఆ లెక్కను తప్పుపట్టువారు ముందు ఆ చేనిలో చాటు కల్పింపవలెను. అయితే సంచితోబాటు అండాశయములను కూడ తీసివేసినపుడు ముప్పదియేండ్ల స్త్రీకి ఒక్క రాత్రిలో ముట్లుడుగును. ఆవిరులు, నిద్రలేమి, ఎముకల అరుగుదల, గుండె రోగములు ముందుగానే వచ్చి మీద పడును. అట్టివారికి ఈస్ట్రోజెను నిజముగా అవసరము. గర్భాశయము లేదు గనుక రెండవ మందు సామాన్యముగా అక్కరయే యుండదు, రక్తపు భయమును లేదు. మా వీధిలోని ఆ స్త్రీలలో ఒక్కతెకైనను ఎవరును ఆ మాత్ర వ్రాసియీయలేదు. వేరేమి మందు కావలెనో చెప్పకుండ అవయవము మాత్రము తీసికొని పంపివేసిరి.

ఆ ఎల్లుండి మేము ఆసుపత్రికి పోలేదు. బళ్లారిలో ఒక వైద్యురాలియొద్దకు పోతిమి. ఆమె మొదట అడిగినది, "ఏమి మందులు తినుచున్నారమ్మా, అన్నియు ఇక్కడ పెట్టుడు" అని. వదినె సంచినుండి ఈస్ట్రోజెను ఖాళీ స్ట్రిప్పును తీసి బల్లపై పెట్టినది. మరల కొంతసేపటికి, తల వంచుకొని, విప్పని పెట్టెలు పదునొకండును ఒక్కొక్కటిగా తీసి ప్రక్కన పేర్చినది. ఆ వైద్యురాలు కోపపడలేదు, నవ్వలేదు. "ఎందుకు మానినావు?" అని కన్నడములో నడిగి, వ్రతము సంగతి పూర్తిగా వినెను. మొదటి ఆసుపత్రిలో కోల్పోయినదేదో ఆ పది నిమిషములలో దొరికినది.

తరువాత పేనా పుల్లకన్న సన్నని గొట్టముతో గర్భాశయపు పొరనుండి తునక తీసిరి. మత్తు లేదు. ముట్టునొప్పివంటి నొప్పి కొన్ని నిమిషములు గట్టిగా నుండి తగ్గినది. పది దినములకు ఫలితము వచ్చినది. పొర మితిమీరి పెరిగినది గాని కణములలో వికారము లేదు, క్యాన్సరు కాదు. ఈ స్థితిలోనివారికి ఇరువదియేండ్లలో క్యాన్సరుగా మారునది నూటికి ఐదుగురికన్న తక్కువయని ఆమె చెప్పెను. శస్త్రచికిత్స అక్కరలేకయే, ప్రొజెస్టరోను జాతి మందును కొంచెము కొంచెముగా విడుచు చిన్న పరికరమును గర్భాశయములో అమర్చిరి. ఇక రాత్రి గుళిక లేదు, నెలనెలా రక్తమును లేదు; మొదటి కొన్ని నెలలు చుక్కలు చుక్కలుగా కనబడిన కనబడవచ్చునని, భయపడవలదని ఈమారు వదినెకే, ఆమెకు తెలియు మాటలలో చెప్పిరి. పొరను కాపాడుటకు దానిని ఐదేండ్ల కొకసారి మార్చవలెను. ఈస్ట్రోజెను మాత్రను మాన్పలేదు. ఆరు నెలలకు మరల తునక తీసి చూడగా పొర స్వస్థతకు వచ్చియుండెను. ఇంకొక ఆరునెలలకు మరియొకమారు చూడవలసియున్నది. రెండుమార్లు వరుసగా బాగున్నగాని వారు నిశ్చింత యనరు.

వైద్యురాలు ఆనాడు మాకు చెప్పినవానిలో ప్రతి గృహిణియు తెలిసికొనవలసినది కొంత ఉన్నది. నెలలో కొన్ని దినములు మాత్రము రెండవ మందు తినువారికి, ఆ మందు ముగియునప్పుడు నియమముగా వచ్చు రక్తము మందుచేత వచ్చునదే. అది వేళ తప్పి వచ్చినను, ధారగా పోయినను చూపించుకొనవలెను. రెండు మందులును ప్రతిదినము తినువారికి మొదటి మూడు నెలలు, ఒకప్పుడు ఆరు నెలలవరకు చుక్కలు కనబడుట సాధారణము. ఆరునెలలు దాటినను ఆగనిదియు, ఆగిపోయి కొంతకాలమునకు మరల వచ్చినదియు పరీక్షింపవలసినవే. స్కానింగులో పొర మొదటి తెగవారికి ఏడు మిల్లీమీటర్లు, రెండవ తెగవారికి నాలుగు మిల్లీమీటర్లు దాటినచో తునక తీసి చూడవలెనని నేటి పద్ధతి. మాత్రలు నడుమ నడుమ మరచినను రక్తము కనబడును. గర్భాశయములోని చిన్న కండవలనను, గర్భాశయ ముఖమునందలి రోగమువలనను కనబడును. స్థూలకాయులకును మధుమేహమున్నవారికిని ఈ క్యాన్సరు భయము కొంత హెచ్చు. ఏలయన శరీరములోని కొవ్వే ఈస్ట్రోజెనును తయారుచేయుచుండును. పెండ్లికో పూజకో ముట్టు వాయిదా వేయుటకు అంగడిలో అడిగి కొనితెచ్చుకొను మాత్రలు కూడ ఈ రెండవ మందు జాతివే. మా వదినెవంటివారికి ఆ మాత్రలతో పాతపరిచయముండుటచేతనే, ఈ జాతి మందులు తినుటయు మానుటయు తమ ఇష్టమనుకొందురు.

ఇక మందేమియు తినకయే ముట్లుడిగినవారికి రక్తము కనబడినచో, ఒక్క చుక్కయైనను, ఒక్కసారియైనను, ఆగి చూడరాదు. గర్భాశయపు పొర క్యాన్సరు వచ్చినవారిలో నూటికి తొంబదిమందికి అది రక్తము రూపముననే మొదట తెలియును. అట్లు రక్తము కనబడిన నూరుమందిలో క్యాన్సరున్నవారు సుమారు తొమ్మండుగురు మాత్రమే. అనగా చాలమందికి భయము లేదు, ఆ తొమ్మండుగురికి మాత్రము తొందర యున్నది. వారు ఎవరో పరీక్ష చేయక తెలియదు.

ఈ మాటలను నేను ఇంటికి వచ్చి మా యమ్మ వినుచుండగా అన్నకు చెప్పుచుంటిని. ఆమె ఒత్తులు చేయుచుండెను. చేతిలోని ప్రత్తిని ప్రక్కన పెట్టి, అన్న లేచిపోయినదాక ఊరకుండి, "నిరుడు సంకురాత్రికి నాక్కూడా ఒకమారు కనపడినాది. మళ్లా మొన్న" అనెను. డెబ్బదియెనిమిదేండ్ల మనిషి. సంవత్సరము పైగా ఆ మాటను మోసినది. ఎవరికి చెప్పుట? కోడలికి చెప్పిన చిన్నతనము, కొడుకుకు చెప్పిన సిగ్గు. కోడలిపై తీర్పు చెప్పిననాడు ఆమె అంతసేపు ఏమి ఆలోచించుచుండెనో నాకప్పుడు బోధపడినది.

ఆ వారమే ఆమెను కూడ బళ్లారికి తీసికొనిపోతిమి. స్కానింగులో పొర రెండు మిల్లీమీటర్లున్నది. ఈస్ట్రోజెను లేక మార్గము ఎండి, పలుచబడి, చిట్లుటచేత వచ్చిన రక్తమని, గర్భాశయ ముఖమును కూడ చూచి వైద్యురాలు చెప్పెను. పైపూతకు ఒక మలాము ఇచ్చి, మరల కనబడినచో ఆనాడే రమ్మనెను. తిరిగివచ్చునపుడు బస్సులో అత్తాకోడండ్రిద్దరును ఒకే బెంచీమీద కూర్చుండి, తమ తమ చీటీలు మార్చుకొని చూచుకొనిరి. మా యమ్మకు చదువురాదు. వదినె ఆమెకు చదివి వినిపించినది.

ఈ శ్రావణమున కలశము నిలుపుటకు వదినెకు అడ్డము లేకుండెను. గడప కీవల కూర్చుండిన మనుమరాలికి తాంబూలము తానే తెచ్చియిచ్చినది. మా యమ్మ చూచినది, ఏమియు అనలేదు.